దీపం ఈశాన్యాన పెట్టండి

భారత ప్రభుత్వ చీఫ్ హైడ్రోగ్రాఫర్ గారికి,
నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్, డెహ్రాడూన్.

అయ్యా,

విశాఖ ఎదుట సముద్రం అడుగు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఈ దేశంలో ఎవరైనా ఉన్నారంటే అది మీ ఆఫీసువాళ్లే. అందుకే మీకు రాస్తున్నాను. లోతుల అంకెలు ఇమ్మని అడగను. అవి మీ దగ్గరే ఉంచుకోండి. ఒక్క బొమ్మ కావాలి. భీమిలి నుంచి యారాడ దాకా, తీరం దగ్గర మొదలై వాలు అగాధంలోకి దిగిపోయేదాకా, వెలుగునీడలతో గీసిన సముద్రతలం పటం.

తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీ ఓడల మీద తెలుగు చదివేవాళ్లకు కొదవ ఉండదు. పైగా ఈ మాట మా ఊరివాళ్ల చెవిన కూడా పడాలి.

నేనుండేది మధురవాడలో. పటాలు గీయడమే నా ఉద్యోగం. అవన్నీ నేల మీదివే: రోడ్లు, లేఅవుట్లు, పైపులైన్లు. ఇక్కడ నేల ఎత్తుపల్లాల గురించి ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. ఒకపక్క కంబాలకొండ, ఇంకోపక్క రుషికొండ, ముందుకెళ్తే తొట్లకొండ, బావికొండ. వానొస్తే ఏ గెడ్డ పొంగి ఏ కాలనీలోకి నీళ్లొస్తాయో ఆటోవాళ్లు కూడా చెప్తారు. బీచ్ రోడ్డు దాటగానే ఆ తెలివి అంతా ఆగిపోతుంది. ఫోన్‌లో చూసినా, పిల్లల అట్లాసులో చూసినా అక్కడి నుంచి ఒకటే నీలం రంగు. మహా అయితే ఇంకాస్త ముదురు నీలం.

‘ఉచితంగా దొరికే డేటా ఉందిగా, దాంతో చేసుకోవచ్చుగా’ అని మీవాళ్లు అనొచ్చు. చేశాను. 1903లో మొనాకో పాలకుడు మొదటి ఆల్బర్ట్ చలవతో మొదలైన జెబ్కో అనే ప్రపంచ సముద్రతల పటం ఇప్పటికీ నడుస్తోంది. సముద్రాలన్నిటికీ 15 ఆర్క్ సెకన్ల గ్రిడ్ ఇస్తుంది, ఎవరైనా దింపుకోవచ్చు. మన దగ్గర ఒక్కో గడి దాదాపు 450 మీటర్లు. పీఎం పాలెం క్రికెట్ స్టేడియం, దాని చుట్టూ ఉన్న రోడ్లు, పక్కన అపార్టుమెంట్లు అన్నీ కలిపి ఒకే గడిలో పడిపోతాయి. వాటన్నిటికీ కలిపి ఒకటే ఎత్తు. సముద్రంలోనూ అదే వరస.

గడి పెద్దదైతే సర్దుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. ఆ గడుల్లో చాలావాటి లోతు ఎవరూ కొలిచింది కాదు. సముద్రం అడుగున కొండ ఉంటే దాని ఆకర్షణకు పైన నీటిమట్టం రవ్వంత ఉబ్బుతుంది. ఉపగ్రహాలు ఆ ఉబ్బును కొలిస్తే, దాన్నిబట్టి కింద ఎంత లోతుందో లెక్కగట్టారు. 2017లో ‘సీబెడ్ 2030’ కార్యక్రమం మొదలుపెట్టేనాటికి ప్రపంచ సముద్రతలంలో నేరుగా కొలిచింది ఆరు శాతం. 2025 జూన్ నాటికి అది 27.3 శాతానికి వచ్చింది. తక్కినదంతా అంచనా. ఏదో ఒక ఓడ ఎప్పుడో లోతు కొలుచుకుంటూ వెళ్లిన దారిలో ఉన్నది కొలత, దాని రెండు పక్కలా ఉన్నది అంచనా. ఈ రెండూ కలిసేచోట చిన్న మెట్టు పడుతుంది. గ్రిడ్‌కు నీడలు వేశామా, ఆ మెట్టు తిన్నని గీతలా పైకి లేస్తుంది. తెలియనివాళ్లు అది చూసి అడుగున కాలువ ఉందనుకుంటారు. నిజానికి అక్కడ కనిపించేది ఓడ వెళ్లిన దారి.

ఈ నీడల లెక్క ఎలా నడుస్తుందో కొంచెం విప్పి చెప్పాలి. మీకు కాదు, మావాళ్లకు. ఒక్కో గడికి చుట్టూ ఎనిమిది గడులుంటాయి. వాటి లోతుల్ని బట్టి మధ్య గడి ఎంత వాలి ఉంది, ఎటు తిరిగి ఉంది అని తేలుస్తారు. ఆకాశంలో ఒకచోట దీపం ఉందనుకుంటారు. దీపం వైపు తిరిగిన గడి తెల్లబడుతుంది, మొహం తిప్పుకున్నది నల్లబడుతుంది. సున్నా అంటే నలుపు, 255 అంటే తెలుపు. దీపం 45 డిగ్రీల ఎత్తున ఉంటే చదునైన నేలకు వచ్చే విలువ 180.

ఇప్పుడు తీరం నుంచి కిలోమీటరుకు రెండున్నర మీటర్ల చొప్పున దిగే ఖండతీరపు అంచును తీసుకుందాం. దాని విలువ? అదీ 180. అర మెట్టు కూడా తేడా రాదు. ఉన్నది ఉన్నట్టు గీస్తే అంత పెద్ద సముద్రమూ బూడిదరంగు కాగితమే. అందుకని లోతును ఇరవై రెట్లు పెంచి గీస్తారు. అప్పుడు అదే వాలు 171కి దిగుతుంది, కంటికి ఆనుతుంది. ఇరవై రెట్లు పెంచితే తప్పులూ ఇరవై రెట్లు పెరుగుతాయి. అందుకే ఇలాంటి పటం మంచి కొలత చేతిలో ఉంటే తప్ప కుదరదు.

దీపం ఎక్కడ పెట్టాలన్నది రెండో ప్రశ్న. ప్రపంచమంతా వాయవ్యంలో పెడుతుంది. కాగితానికి ఎడమ పై మూల అన్నమాట. కుడిచేత్తో గీసేవాడి బల్ల మీద దీపం ఉండే చోటు అది. మనిషి కన్ను కూడా వెలుగు పైనుంచే వస్తుందనుకుంటుంది. దీపాన్ని కింది మూలకు దించితే కొండలు గుంటల్లా, గుంటలు కొండల్లా కనిపిస్తాయి. చాలా సాఫ్ట్‌వేర్లు 315 డిగ్రీలు, అంటే వాయవ్యం, ముందే నింపేసి ఇస్తాయి, మనం చూడకుండానే ఓకే నొక్కేస్తాం. 45 డిగ్రీల ఎత్తున వాయవ్యంలో సూర్యుడు విశాఖలో ఏడాది పొడుగునా ఏ రోజూ ఉండడు. అది పెద్ద అభ్యంతరం కాదులెండి, పటంలో సూర్యుడు ఎక్కడైనా ఉండొచ్చు.

అభ్యంతరం మన తీరం వాటంతో వస్తుంది. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది. సముద్రతలం ఆగ్నేయానికి దిగుతుంది. తీరానికి అడ్డంగా వాలును కోసుకుంటూ దిగే లోయ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోతుంది. అంటే దీపపు కాంతి సరిగ్గా ఆ లోయ పొడుగునా పడుతుంది. లోయకు రెండు గోడలు. ఒకటి ఈశాన్యం వైపు చూస్తుంది, రెండోది నైరుతి వైపు. 15 డిగ్రీల వాలున్న గోడలనుకుంటే వాయవ్య దీపంతో మొదటి గోడ విలువ 174, రెండోదీ 174. ఎదురెదురు గోడలు ఒకే రంగులో ఉంటే కంటికి అక్కడ లోయే లేదు. దీపాన్ని ఈశాన్యానికి జరిపి చూడండి: ఒక గోడ 221, ఎదుటిది 128. లోయ కాగితం మీద నోరు తెరుస్తుంది. (వాస్తు కోసం చెప్తున్నానని మావాళ్లు నవ్వుతారు. నవ్వనీండి.)

ఈశాన్యమే సర్వరోగ నివారిణి అని కూడా అనను. ఇరవై వేల ఏళ్ల కిందట మంచుయుగం ముదిరి ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. అప్పటి ఒడ్డు ఇప్పుడు నీళ్ల కింద, తీరానికి దూరంగా ఉంది. ఆ పాత ఒడ్డుల గట్లు ఏమైనా మిగిలి ఉంటే అవి ఇప్పటి తీరానికి సమాంతరంగా ఉండాలి. వాటికి ఈశాన్య దీపం పనికిరాదు, వాయవ్యమే కావాలి. కాబట్టి ఖండతీరపు అంచు మీద ఒక దీపం, దాన్ని దాటాక వచ్చే వాలు మీద ఇంకొకటి. స్విట్జర్లాండ్ పటాల పెద్దాయన ఎడ్వర్డ్ ఇమ్‌హోఫ్ కొండ వాటాన్ని బట్టి వెలుగును అక్కడక్కడా తిప్పేవాడు. చేత్తో గీసినవాడికి ఆ స్వేచ్ఛ ఉండేది. బటన్ నొక్కేవాళ్లం మనమే దాన్ని పోగొట్టుకున్నాం.

వాలులో లోయలున్నాయని నేను ఊహించి చెప్పడం లేదు. అవి పేర్లతో సహా ఉన్నాయి. శాన్ డియాగోలోని అమెరికా నౌకాదళ పరిశోధనశాల నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్రశాస్త్రవేత్త 1952లో ఒకసారి, 1955లో మరోసారి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పాఠాలు చెప్పారు. ఆయనా, ఆయన శిష్యులూ అప్పట్లో భారత నౌకాదళం ఓడల మీదే వెళ్లి మన సముద్రాన్ని కొలిచారు. తర్వాత అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర జరిగింది. 1963లో ‘ఆంటన్ బ్రూన్’ అనే నౌక బంగాళాఖాతంలో తిరిగింది. ఒకప్పుడు అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ విహారనౌకగా ఉన్న ఓడనే పేరు మార్చి పరిశోధనకు పెట్టారు. ఆంధ్ర తీరం ఎదుటి వాలులో మూడు అంతఃసాగర కాన్యన్లను లాఫాండ్ 1964లో ప్రకటించి, వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చెప్పిన ఆచార్య సి. మహదేవన్. సి.వి. రామన్ దగ్గర పనిచేసినవారు, 1962లో పోయారు.

ఒక తెలుగు విశ్వవిద్యాలయం ఆచార్యుడి పేరు మీద నీళ్ల కింద ఒక కాన్యన్ ఉంది. గండికోట లోయను చూడటానికి బస్సులేసుకుని వెళ్తాం. మహదేవన్ కాన్యన్ ఎలా ఉంటుందో ఆ విశ్వవిద్యాలయంలో చదివిన వేలమందిలో చూసినవాళ్లు ఎంతమంది? చూడాలంటే బొమ్మ ఉండాలి కదా.

ఇక మీ వైపు నుంచి ఆలోచిస్తాను. విశాఖ తూర్పు నౌకాదళానికి ముఖ్యస్థానం. ఈ నీళ్లలో జలాంతర్గాములు తిరుగుతాయి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ ఊరి ఎదుటే. అడుగు వివరం శత్రువుకు ఎంత పనికొస్తుందో మాకు వేరే చెప్పక్కర్లేదు. రహస్యం వద్దు అనే అమాయకుణ్ణి కాను.

కానీ సముద్రతలాన్ని బొమ్మగా గీసే ఈ పద్ధతి సైనిక రహస్యం నీడలోనే పెరిగింది. 1950లలో అమెరికా నౌకాదళం లోతు రేఖల పటాలను రహస్యం చేసింది. కొలంబియా విశ్వవిద్యాలయం లామాంట్ పరిశోధనశాలలో మేరీ థార్ప్, బ్రూస్ హీజెన్ అట్లాంటిక్ లోతులన్నీ దగ్గర పెట్టుకుని వాటిని అచ్చు వేసుకోలేని స్థితి. అప్పుడు థార్ప్ అంకెలు వదిలేసి, విమానంలోంచి ఎడారిని చూస్తున్నట్టు కొండలూ లోయలూ వెలుగునీడల్లో సిరాతో గీసింది. లోతు ఎంతో చెప్పకుండా ఆకారం చూపించింది. ఉత్తర అట్లాంటిక్ పటం 1957లో అచ్చయింది. మహాసముద్రం నడిబొడ్డున వేల కిలోమీటర్ల పగులు లోయ ఉందని ముందుగా కనిపెట్టింది కూడా ఆవిడే. హీజెన్ మొదట దాన్ని ఆడపిల్లల కబుర్లని కొట్టిపారేశాడు. ఆడవాళ్లను ఓడ ఎక్కనివ్వని రోజులవి. తను గీసిన సముద్రం మీద ప్రయాణించడానికి ఆవిడ 1968 దాకా ఆగాల్సివచ్చింది. వాళ్ల హిందూ మహాసముద్రం పటం 1964లో వచ్చింది. దాని ఆధారంగానే ఆస్ట్రియా చిత్రకారుడు హైన్రిచ్ బెరాన్ వేసిన రంగుల పటాన్ని 1967 అక్టోబరులో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక పంచిపెట్టింది. మన బంగాళాఖాతాన్ని అలా చూసిన మొదటి పాఠకుల్లో ఎక్కువమంది అమెరికావాళ్లు.

నేను అడిగేది థార్ప్ చేసిన పనే. అంకెలు లోపల, ఆకారం బయట.

మీవాళ్లకు కొత్త శ్రమ కూడా కాదిది. మల్టీబీమ్ సోనార్‌తో సర్వే చేసే ఓడలో నీడల బొమ్మ రోజూ తయారవుతూనే ఉంటుంది, ఎందుకంటే తప్పులు పట్టడానికి దాన్ని మించిన సాధనం లేదు. సున్నం వేసిన గోడకు పక్కనుంచి టార్చి కొడితే ప్రతి బొడిపె బయటపడినట్టు, ఓడ ఒరిగినప్పుడు పడిన అలలు, ఓడ ఒక్కసారి వెళ్తూ కొలిచిన పట్టీకీ పక్క పట్టీకీ మధ్య అతుకు, అన్నీ ఆ బొమ్మలో తేలతాయి. సోనార్ లోతును కొలిచేది ధ్వనితో. నీటిలో ధ్వని సెకనుకు 1500 మీటర్ల దరిదాపుల్లో పోతుంది. వేడిమి, ఉప్పదనం మారితే ఆ వేగమూ మారుతుంది. వరద కాలంలో నదుల మంచినీళ్లు పైపొరలో పరుచుకునే బంగాళాఖాతంలో ఈ తేడాను కొలుచుకోకపోతే పట్టీ అంచులు పైకో కిందికో వంగిపోతాయి. లోతు తక్కువైనకొద్దీ పట్టీ సన్నబడుతుంది. ఇరవై మీటర్ల నీళ్లలో ఒక్కో పట్టీ మామూలుగా అరవై, ఎనభై మీటర్లే. తీరం దగ్గర ఎన్నిసార్లు అటూ ఇటూ తిరగాలో నాకు అర్థమవుతుంది. 2024 ఫిబ్రవరి 3న కొత్త సర్వే ఓడ ఐఎన్ఎస్ సంధాయక్‌ను, అదే ఏడాది డిసెంబరు 18న నిర్దేశక్‌ను విశాఖలోనే నౌకాదళంలో చేర్చారు. అలాంటి ఓడలు ఉన్న ఊరివాళ్లం మేము.

‘నావిగేషన్ చార్టులు అమ్ముతున్నాం కదా, కొనుక్కోండి’ అంటారేమో. చార్టు నావికుడి కోసం. పక్కపక్కన ఉన్న కొలతల్లో అతి తక్కువ లోతున్నదాన్ని ఎంచి అచ్చువేస్తారు, ఓడ అడుగు తగలకూడదని. అది న్యాయమే. దానివల్ల మిట్టలన్నీ మిగులుతాయి, పల్లాలు మాయమవుతాయి. ఆ అంకెలతో ఉపరితలం అల్లితే అది సముద్రతలం కాదు, సముద్రం గురించి నావికుడి భయం.

చట్టం మాట. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు ప్రజాధనంతో తయారైన భౌగోళిక సమాచారాన్ని భారతీయులకు అందుబాటులో ఉంచాలన్నాయి. భద్రతా సంస్థలు రహస్యమని ముద్రవేసినదానికి మినహాయింపు ఇచ్చాయి. 2022 జాతీయ భౌగోళిక విధానం 2035కల్లా సముద్రాల లోతుల సమాచారాన్ని సిద్ధం చేయాలని లక్ష్యం పెట్టుకుంది. కాబట్టి నేను అడిగేది విధానానికి ఎదురు కాదు. ఆ మినహాయింపును ఎంత మేరకు వాడతారన్నది మీ సంతకం మీద ఆధారపడి ఉంది.

ఒక మెలిక ఉంది, దాచను. నీడల బొమ్మలోంచి లోతుల్ని వెనక్కి లాగే లెక్కలున్నాయి. దీపం ఎక్కడుందో తెలిస్తే వాలు చెప్పొచ్చు, వాలులు కలిపితే ఆకారం, ఒకటి రెండు తెలిసిన లోతులు దొరికితే మిగతావీ దాదాపుగా. అందుకని పది మీటర్ల గడులతో బొమ్మ ఇవ్వమనను. వంద మీటర్ల గడికి మొద్దుబార్చి ఇవ్వండి. రేవు మొగ, మునిగిన ఓడలు, మీరు చూపకూడదనుకునే చోట్లు తీసేయండి. తీసేసినచోట తెల్లగా వదిలేయండి చాలు, నకిలీ నేలతో పూడ్చకండి.

వంద మీటర్లు అనడానికి ఇంకో కారణం మా జాలర్లు. మంగమారిపేట, భీమిలి, జాలరిపేట పడవల్లో పెద్దవాళ్లను అడగండి. జీపీఎస్ రాకముందు ఒడ్డున ఉన్న రెండు గుర్తులు ఒక వరసలోకి వచ్చేదాకా పడవ నడిపి, ఇంకో దిక్కున మరో రెండు గుర్తులు కలుపుకునేవారు. ఆ రెండు గీతలు కలిసేచోట అడుగున రాతి గుట్ట ఉంటుంది. రాయి ఉన్నచోట చేప ఉంటుంది. తాడుకు గుండు కట్టి దించి ఎన్ని బారలో చూసుకునేవారు. తండ్రి కొడుక్కి చెప్తాడు, పక్క పడవవాడికి చెప్పడు. రహస్యం విషయంలో వాళ్లు మీకేం తీసిపోరు. రేపు మనం పది మీటర్ల బొమ్మను బీచ్ రోడ్డున వేలాడదీస్తే ఆ రాళ్లన్నీ మరబోట్లవాళ్ల ఫోన్లలోకి వెళ్తాయి. వల చిరక్కుండా రాళ్లు తప్పించుకోవడానికి మరబోటువాడికి అది మేలే. రాళ్ల అంచునే గేలం వేసి బతికేవాడికి కాదు. వంద మీటర్ల గడిలో చిన్న గుట్టలు కరిగిపోతాయి. కాన్యన్లు కిలోమీటర్ల వెడల్పువి కాబట్టి నిలుస్తాయి. మీ గుట్టూ వాళ్ల గుట్టూ రెండూ దక్కుతాయి.

బొమ్మ వస్తే ఎక్కడ పెడతామంటారా? బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియంగా ఉంది. రోజూ పిల్లలు క్యూ కట్టి అందులోకి దూరి, గొట్టాలూ మీటలూ చూసి బయటికొస్తారు. అది ఎలాంటి నేల మీదుగా తిరిగిందో చెప్పే పటం దాని పక్కన నిలబెడితే ఆ క్యూలో నిలబడే అరగంట వృథా పోదు. జిల్లా పరిషత్ హైస్కూళ్ల గోడలకు రెండోది. ఖండతీరపు అంచు, ఖండతీరపు వాలు, అగాధ మైదానం అని పిల్లలు బట్టీపట్టేది తమ ఊరి ఎదుటే ఉందని దాంట్లో వేలు పెట్టి చూపించొచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు సముద్రం ఎక్కడ ఎంత పైకెక్కుతుందో ఊరంతా గుండె చిక్కబట్టుకుని చూసింది. ఉప్పెన ఎత్తును తీరం ముందరి లోతూ వాలూ కూడా తేలుస్తాయని పెద్దవాళ్లకు చెప్పడానికీ అదే పటం.

బొమ్మ చూపించనిది కూడా పక్కన రాస్తాం. మన తీరానికి ఎదురుగా, 85 డిగ్రీల తూర్పు రేఖాంశం పొడుగునా ఒక పర్వతశ్రేణి ఉంది. గంగా బ్రహ్మపుత్రలు హిమాలయాల నుంచి మోసుకొచ్చిన ఒండ్రు దాన్ని చాలామేర కప్పేసింది. ఎన్ని దీపాలు పెట్టినా అది కనపడదు. ఈ పటాలు తోలును మాత్రమే చూపిస్తాయి.

జూన్ 21 ప్రపంచ హైడ్రోగ్రఫీ దినోత్సవం.  వచ్చేసారి ఆ రోజున ఈ పటం విడుదల చేయండి. ఆ మూడు కాన్యన్ల బొమ్మలు దానికి జత చేయండి. పేర్లు తెలుగులో కూడా ఉండాలి, అక్షరాలు సరిచూసిపెట్టే పని మాకొదిలేయండి. పటం డెహ్రాడూన్‌లో తయారయ్యేటట్టయితే వాలు మీద దీపాన్ని 315 నుంచి 45కి మార్చమని మీ కార్టోగ్రాఫర్‌కు ఒక్క మాట చెప్పండి. అంత తీరిక లేదంటే, లోతులు వద్దు, వంద మీటర్ల గడి ఒక్కోటి ఎంత వాలి ఉందో, ఎటు తిరిగి ఉందో ఆ లెక్కే ఇచ్చేయండి. దీపం సంగతి మేం చూసుకుంటాం.

భవదీయుడు,
పటాలు గీసుకుని బతికే ఒక మధురవాడ పౌరుడు